వాచీకి కనపడని నడక

నాగలక్ష్మమ్మకు నడవడం కొత్త కాదు. ఊరికే నడవడమే కొత్త.

పల్లెలో ఉన్నన్నాళ్లూ నెత్తిన ఏదో ఒకటి లేకుండా ఆమె ఇల్లు కదిలింది తక్కువ. గడ్డిమోపో, నీళ్ల బిందో, బత్తాయిలు కాసే చీనీతోటలో పని చేసేవాళ్లకు సంగటి గంపో ఉండేది. తర్వాత ఇంటి ముందుకు కొళాయి వచ్చింది, తోటకు డ్రిప్పు వచ్చింది, కొడుకు అవినాష్‌కు మోటార్ సైకిల్ వచ్చింది. మనవరాలిని బడిలో వేయడానికి అందరూ కలిసి వేంపల్లెకు మారారు. భర్త సుబ్బయ్యా, కొడుకూ తెల్లారగానే బండెక్కి తోటకు పోతారు. కోడలు వంటింట్లో ఆమెకు పెద్ద పనేమీ మిగల్చదు. అట్లా రెండేళ్లు గడిచేసరికి మోకాళ్లు బిగుసుకున్నాయి. డాక్టరు రక్తం పరీక్ష కాగితం చూసి, షుగరు ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చి నిలబడిందనీ, రోజూ పొద్దున నడిస్తే అక్కడి నుంచే వెనక్కి పోతుందనీ చెప్పాడు.

మొదటి రోజు గేటు దాటగానే ఆమెకు సిగ్గేసింది. చేతులు రెండూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఎదురింటామె పళ్లు తోముకుంటూ పలకరించింది.

"ఏమక్కా, పొద్దున్నే యాడికి పోతాండావు?"

"ఊరికే" అనడానికి నాగలక్ష్మమ్మకు నోరు రాలేదు. ఊరికే నడిచేవాళ్లను ఆమె ఎన్నడూ మంచిగా అనుకోలేదు మరి. "కూరగాయలకు" అని చెప్పి సందు చివరి దాకా పోయి వెనక్కి వచ్చేసింది. మర్నాటి నుంచి మాట నిలబెట్టుకోవడానికి ఒక ఖాళీ సంచి చంకలో పెట్టుకుని బయలుదేరసాగింది.

కాలేజీ గ్రౌండులో అట్లా తిరుగుతుంటే ఒకామె పాల క్యాను పట్టుకుని ఎదురుపడింది. ఇంకో చుట్టులో మళ్లీ ఎదురైంది. మూడోసారి ఎదురైనప్పుడు నాగలక్ష్మమ్మే ఆగింది.

"పాలకు వచ్చినావా అక్కా? ఈ పక్క పాలు యాడ పోస్తారు?"

"మాకు పాలు ఇంటికే వస్తాయి" అంది ఆమె క్యాను మూత తీసి చూపిస్తూ. లోపల ఏమీ లేదు. "నీ సంచిలో ఏముండాది?"

"నా సంచిలో గూడా ఏం లేదు."

ఇద్దరూ గ్రౌండు మధ్యలో నిలబడి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. ఆమె పేరు రాజ్యలక్ష్మమ్మ. బజారులో కిరాణా అంగడి నడిపే కేశవయ్య భార్య. కింద అంగడి, పైన ఇల్లు. ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆ మెట్లు ఎక్కడం, దిగడమే ఆమె నడక. మర్నాటి నుంచి ఒకరు సంచినీ, ఇంకొకరు క్యానునూ ఇంట్లోనే వదిలేసి వచ్చారు. ఎవరైనా ఎక్కడికని అడిగితే "నడవడానికే" అని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పేవాళ్లు.

నాలుగు నెలలు తిరిగేసరికి నాగలక్ష్మమ్మకు ఆ గంటసేపు పండగలా అనిపించసాగింది. ఎవరి ఆకలీ తనకోసం కాచుకుని ఉండదు. నెత్తిన బరువుండదు. కొండల మీద ఎండ దిగుతూ ఉంటుంది, పక్కన రాజ్యలక్ష్మమ్మ ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది. ఇంటికి వచ్చేసరికి మోకాళ్లు తేలికగా, మనసు ఇంకా తేలికగా ఉండేవి.

కూతురు యామిని కడపలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. అమ్మ నడుస్తోందని తెలిసి సంబరపడి, ఒక ఆదివారం స్మార్ట్ వాచీ కొనుక్కొచ్చింది. తల్లిని కూర్చోబెట్టి ఎడమ మణికట్టుకు కట్టి, ఫోన్లో యాప్ వేసి, ఏవో వివరాలు నింపింది.

"నువ్వు ఎంత దూరం నడుస్తివో, గుండె ఎట్ల కొట్టుకుంటాండాదో, అంతా ఇది చెప్తాది మా. నా ఫోనుకు గూడా వస్తాది. నేను ఆడ ఉండి చూసుకుంటా."

"నా గుండె నువ్వు ఆడ్నుంచే చూస్తావా?" అంది నాగలక్ష్మమ్మ మురిసిపోతూ. నల్లటి అద్దంలో అంకెలు వెలుగుతుంటే పదిమందికీ చూపించింది. గ్రౌండులో రాజ్యలక్ష్మమ్మ ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పెళ్లికూతురి మాదిరి ఉన్నావంది.

ఆ మురిపెం వారం నిలవలేదు. సాయంత్రం యామిని ఫోన్ చేసింది.

"మా, ఈ పొద్దు నడవలేదా?"

"ఏల నడవలేదు? రాజ్యక్కా, నేనూ ఎప్పటి మాదిరే తిరిగితిమి."

"ఈడ పది నిమిషాలే చూపిస్తాండాది. మధ్యలో యాడన్నా కూర్చుంటిరా?"

నాగలక్ష్మమ్మకు ఆ మాట గుచ్చుకుంది. బతుకంతా తను చేసిన పనికి ఎవరూ సాక్ష్యం అడగలేదు. మర్నాడు పంతానికి పోయి ఇంకో చుట్టు ఎక్కువే నడిచింది. ఆ రోజు వాచీ అసలు నడకే లేదంది. ఆ మర్నాడు నడిచిన దూరాన్ని ఒకటిన్నర రెట్లు చేసి చూపించింది. సుబ్బయ్యకు ఇదంతా వేడుకగా ఉంది.

"తోటలో కూలోళ్ల పని నేను చూసుకున్యట్ల, నీ కూతురు నీ పని చూసుకుంటాంది. రేపట్నుంచి జాగర్త" అన్నాడు సంగటి ముద్ద తుంచుతూ.

నవ్వులాట అక్కడితో ఆగింది. ఒక గురువారం పొద్దున ఆమె నడక ముగించి, రాజ్యలక్ష్మమ్మతో కలిసి గ్రౌండు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనగ కాయలు ఒలుచుకుంటోంది. ఫోన్ మోగింది. యామిని గుక్క తిప్పుకోకుండా అడిగింది.

"మా, ఎట్ల ఉండావు? ఆయాసంగా ఉండాదా? ఎదలో నొప్పి ఉండాదా?"

"నాకేమే? చెనిక్కాయలు తింటాండా."

"నీ గుండె నూటెనభై దాటి కొట్టుకుంటాందని వచ్చింది మా! కదలొద్దు. ఆడనే ఉండు."

మధ్యాహ్నానికల్లా యామిని సెలవు పెట్టి బస్సు దిగింది. తల్లిని బాడుగ కారులో కడపకు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించింది. ఛాతీకి వైర్లు తగిలించారు, కాగితం తీశారు, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. డాక్టరు నింపాదిగా అంతా చూసి, గుండె నిక్షేపంగా ఉందనీ, నడక మానొద్దనీ చెప్పి పంపేశాడు.

నాగలక్ష్మమ్మ మనసు కుదుటపడింది. కూతురి మనసు పడలేదు. ఈమధ్యే యామిని ఆఫీసులో పక్క కుర్చీ ఆమె తండ్రి, ముందు రోజు దాకా బాగున్న మనిషి, పొద్దున నడకకు పోయి రోడ్డు మీదే కూలిపోయాడు. ఆ కబురు వచ్చినప్పుడు యామిని పక్కనే ఉంది. అది ఆమె కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

"వాచీ కుదురుగా చెప్పేవరకూ గ్రౌండుకు పోవద్దు మా. ఇంట్లోనే అటూ ఇటూ నడువు. నా మాట ఇను" అని చెయ్యి పట్టుకుని అడిగింది. ఆ కళ్లు చూసి నాగలక్ష్మమ్మ కాదనలేకపోయింది.

వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడక మొదలైంది. నాలుగడుగులు వేస్తే గోడ, తిరిగితే మళ్లీ గోడ. గానుగెద్దు కూడా ఇంతకంటే పెద్ద చుట్టు తిరుగుతుందని ఆమెకు నవ్వొచ్చింది. ఆమె స్వభావానికి దేని మీదా ఎక్కువసేపు చిరాకు నిలవదు. అయినా మూడో రోజుకు కాళ్లు గేటు వైపే లాగాయి.

యామిని ఊరుకోలేదు. రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసి ఒక్కొక్కటే చెప్పి చేయించింది. వాచీని ఆఫ్ చేసి ఆన్ చేయమంది. వెనక వైపు మెత్తటి గుడ్డతో తుడవమంది. పట్టీ వదులుగా ఉంటే తప్పు చెబుతుందట, బిగించమంది. ఫోన్లో బ్యాటరీ పొదుపు పెట్టి ఉంటే తీసేయించింది, లొకేషన్ ఆన్ చేయించింది. నాగలక్ష్మమ్మ కళ్లజోడు పెట్టుకుని, నాలుక మునిపంట పట్టుకుని, చెప్పినవన్నీ చేసింది. ఒక రోజు యాప్‌లో తన పేరున్న చోట నొక్కితే వివరాలు తెరుచుకున్నాయి.

"పాపా, ఈడ ముప్పై మూడు అని ఉండాది. ఏందిది?"

"వయసు మా..." అని యామిని నాలుక కరుచుకుంది. "అయ్యో, అది నా వయసు! ఆ పొద్దు తొందరలో నా వివరాలు కొడితినే. ఎత్తు గూడా నాదే ఉంటాది చూడు."

యామిని తల్లి కంటే జానెడు పొడవు. ఆమె అంగను పట్టుకుని లెక్కేస్తే తల్లి నడక ఎక్కువ దూరం రాక ఏమవుతుంది? అసలు వయసూ, ఎత్తూ కొట్టాక దూరం దారికి వచ్చింది. గుండె మాత్రం రాలేదు. ఒకసారి అంకెలుండాల్సిన చోట గీతలు వచ్చేవి, ఒకసారి గుర్రం పరుగెత్తినట్టు వచ్చేది. ఉన్నట్టుండి వాచీ తను చేతికే లేదనుకుని, నడక లెక్కను మధ్యలో ఆపేసేది.

చివరికి అవినాష్ పనిమీద కడపకు పోతూ వాచీని రిపేరు షాపులో చూపించుకొచ్చాడు. షాపతను దాన్ని తన చేతికి కట్టుకుని, మెట్లెక్కి దిగి, ఏ లోపమూ లేదని తిరిగి ఇచ్చాడు.

ఆ మాట విన్నాక యామిని భయం రెట్టింపయింది. "వాచీ బాగుండాదంటే..." అని ఫోన్లో ఆగిపోయింది. మిగతా మాట అననక్కర లేకపోయింది. ఆ రాత్రి మొదటిసారిగా నాగలక్ష్మమ్మ కూడా ఎద మీద చెయ్యి పెట్టుకుని, లోపల చప్పుడు ఎట్లా ఉందో వింటూ పడుకుంది.

పొద్దున్నే రాజ్యలక్ష్మమ్మ వచ్చింది. మనిషి కాస్త వాడి ఉంది.

"నువ్వు రాకపోతే గ్రౌండంతా బోసిగా ఉండాది. ఒక చుట్టుకే ఇంటికి పోతాండా. ఇంగ నా వల్ల కాదు" అని వరండాలో చతికిలబడింది. కాఫీ తాగుతూ జరిగిందంతా విని గ్లాసు కింద పెట్టింది.

"మా అంగట్లో కాటా తప్పు తూస్తాందని అనుమానమొస్తే మా ఆయన ఏం చేస్తాడో తెల్సునా? అదే బస్తాను తీసుకపోయి ఇంకో కాటా మీద పెడతాడు. అదేందో ఈడ గూడా చూస్తాం. ఇట్ల తే, నాకు కట్టు."

వాచీని రాజ్యలక్ష్మమ్మ చేతికి కట్టారు. కాసేపటికి డెబ్బై ఆరు అని వచ్చింది. నిలకడగా ఉంది. లేచి వరండాలో గబగబా నాలుగుసార్లు తిరిగింది. అంకె కొంచెం పెరిగి, కూర్చోగానే తగ్గింది. మళ్లీ నాగలక్ష్మమ్మ చేతికి కట్టారు. గీతలు వచ్చాయి. తర్వాత నూట నలభై. తర్వాత మళ్లీ గీతలు.

"ఉండు, కదలాకు" అని రాజ్యలక్ష్మమ్మ ఆమె కుడిచేతి నాడి మీద వేళ్లు పెట్టి, గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. "డెబ్బై నాలుగు. గుండె నికరంగా ఉండాది నాగలక్ష్మీ! డాక్టరు చెప్పింది నిజమే."

"మరి ఇదేం మాయరోగం?"

"వాచీ మంచిదే, గుండె మంచిదే. ఈ రెండిటి మధ్యలో ఏందో అడ్డముండాది."

రాజ్యలక్ష్మమ్మ పట్టీ విప్పింది. వాచీ వెనక పచ్చటి వెలుతురు మినుకుమినుకుమంటోంది. ఆ చేతిని ఎండ వైపు తిప్పింది. మణికట్టు వెనక, సరిగ్గా వాచీ కూర్చునే చోట, నాలుగు మూలలా చుక్కలతో దట్టంగా పొడిచిన పచ్చబొట్టు ముగ్గు ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదేమన్నా అడ్డమొస్తాందా ఏంది?"

వాచీని పచ్చబొట్టు దాటించి, మోచేతి వైపు బెత్తెడు పైకి జరిపి బిగించారు. గీతలు పోయాయి. డెబ్బై ఐదు అని వచ్చి కుదురుగా నిలిచింది.

నాగలక్ష్మమ్మ వెంటనే కూతురికి ఫోన్ చేసింది. యామిని అవతల అప్పటికప్పుడే ఏదో వెతికి చదివింది. వాచీ చర్మంలోకి వెలుతురు పంపించి, రక్తం పారేదాన్ని బట్టి గుండె లెక్క కడుతుందట. పచ్చబొట్టు రంగు ఆ వెలుతురును మింగేస్తుందట. కంపెనీవాళ్ల పేజీలో అడుగున ఆ సంగతి రాసే ఉంది. వెలుతురు తిరిగి రాకపోతే వాచీ చేతికే లేదనుకుంటుంది. నడుస్తున్నప్పుడు చెయ్యి ఊగేదాన్నే పట్టుకుని గుండె అనుకుంటుంది.

"మా, ఆ చేత్తోనే గదా నాకు అన్నం తినిపించి, జడేసి పెంచితివి" అంది యామిని నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో. "పుట్టినప్పట్నుంచీ చూస్తాండే చెయ్యి. వాచీ కట్టింది గూడా నేనే. ఆడ పచ్చబొట్టు ఉండాదని నా కంటికి ఆననే లేదు చూడు."

"నా కంటికే ఆనలేదు, నీకేం ఆనుతాది లే" అంది నాగలక్ష్మమ్మ.

ఫోన్ పెట్టేశాక రాజ్యలక్ష్మమ్మ ఆ ముగ్గు మీద వేలు పెట్టి తిప్పుతూ, ఎప్పుడు పొడిపించుకున్నావని అడిగింది. నాగలక్ష్మమ్మకు పదేళ్లప్పుడు, తిరునాళ్లలో పొడిపించింది వాళ్లమ్మ. ముందు అక్క లక్ష్మక్క కూర్చుంది. రెండు చుక్కలు పడగానే చెయ్యి లాక్కుని జనంలోకి పరుగు తీసింది. సూది పట్టుకున్నామె తిట్టుకుంటుంటే, అమ్మ చిన్నబోతుందని నాగలక్ష్మమ్మ తనే చెయ్యి చాపింది. ముగ్గంతా అయ్యేదాకా పళ్లు బిగబట్టుకుని, ఎదురుగా గుండ్రంగా తిరుగుతున్న రంగులరాట్నాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత అమ్మ పసుపు రాసి, బెల్లం మిఠాయి కొనిపెట్టింది. అక్కకు కూడా అందులో సగం విరిచి ఇవ్వమంది.

"మా లక్ష్మక్కకు ఇప్పటికీ చేతిమీద రెండు చుక్కలే" అని నాగలక్ష్మమ్మ నవ్వింది. "ఈ యాభై ఏండ్లలో ఈ పచ్చబొట్టు సంగతి ఎవురూ అడగలేదు. ఈ పొద్దు నువ్వు అడిగితివి."

మర్నాటి నుంచి నడక మళ్లీ గ్రౌండుకూ, వాచీ కుడిచేతికీ మారాయి. ఆ చేతికి గాజులు రెండు తగ్గించుకోవాల్సి వచ్చింది. కుడిచెయ్యి పనిచేసే చెయ్యి కాబట్టి, యాప్‌లో ఆ సంగతి చెప్పకపోతే బట్టలుతికినా నడిచినట్టే వేసుకుంటుందని యామిని అది కూడా మార్పించింది. మార్చినా, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి రోట్లో నూరిన రోజు కొన్ని అడుగులు ఎక్కువే పడేవి.

"పోనీలే మా, అది గూడా కష్టమే గదా" అని యామిని ఊరుకుంది. సాయంత్రాల్లో ఇప్పుడు ఆమె ఎంత నడిచావని అడగడం మానేసి, నడుస్తూ ఏం మాట్లాడుకున్నారని అడుగుతోంది.

ఆ నెలాఖరు శనివారం యామిని వేంపల్లెలోనే ఉంది. రాజ్యలక్ష్మమ్మతో కలిసి ముగ్గురూ గండి గుడికి నడిచిపోదామనుకున్నారు. చీకటి విడవకముందే బయలుదేరారు. సగం దారికి వచ్చేసరికి యామిని చెప్పులు చేతిలోకి తీసుకుంది. ఇంకొంచెం పోయాక మైలురాయి మీద కూలబడింది.

"మా, మీరు మనుషులేనా? కొంచెం నిదానంగా నడవండి. ఆఫీసులో కుర్చీ దిగని దాన్ని నేను."

"కూర్చో పాపా, తొందరేముండాది?" అని నాగలక్ష్మమ్మ పక్కనే నిలబడి కొంగుతో కూతురి మొహం తుడిచింది. ఇంతలో వెనక నుంచి సుబ్బయ్య బండి వచ్చి ఆగింది. టిఫిను సంచి ముందు తగిలించి ఉంది.

"ఎవురెవురు ఎక్కుతారు?" అన్నాడు.

యామిని మారు మాట లేకుండా తండ్రి వెనక ఎక్కి కూర్చుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, గుండె ఎంతుందో ఒకసారి చూసుకోమని అరిచింది. నాగలక్ష్మమ్మ చూసి, బాగుందని చెయ్యెత్తి ఊపింది.

దర్శనమయ్యాక పాపాఘ్ని ఏటిలో, మోకాలి లోతు నీళ్లున్న చోట ఒక బండ మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి బొరుగుల ఉగ్గాని తిన్నారు. బజ్జీలు చల్లారిపోయినా ఎవరూ ఒక్కటి కూడా మిగల్చలేదు. కొండల మధ్య నుంచి గాలి చల్లగా వీస్తోంది. తిరుగు ప్రయాణానికి ఆటో పిలుస్తానని సుబ్బయ్య లేచాడు.

నాగలక్ష్మమ్మ రాజ్యలక్ష్మమ్మ వైపు చూసింది. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్లు పిండుకుని, కొంగు నడుముకు దోపుకుంటోంది.

"ఎండ ఇంకా ఎక్కలేదులే" అంది నాగలక్ష్మమ్మ. "మీరు పాపను తీసుకుని పదండి. కొంచెం దూరం నడిచొస్తాం."